పనిపిల్లను కుదుర్చుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

వానాకాలం వచ్చిందంటే పూలకుండీల కింద నిలిచిన నీళ్ళు పారబోస్తాం. ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చేదాకా ఆగం కదా! మనుషుల్ని మోసగించి, తరలించి, అమ్ముకునే వ్యాపారాన్ని ఆపడానికీ ఇదే పద్ధతి మేలంటారు ప్రజారోగ్య నిపుణులు. పోలీసులొచ్చి విడిపించడమంటే జ్వరం వచ్చాక మందు వేయడం. అదీ కావాలి. కానీ దోమ పుట్టకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం.

ఈ నిలవనీరు ఎక్కడుంది? అప్పు, ఆగిపోయిన చదువు, భాష తెలియని ఊరు! మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపే చూడండి. ఫ్యాక్టరీల్లో, ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి ఎందరో వస్తారు. చాలామంది కష్టపడి నాలుగు డబ్బులు సంపాదించుకుందామనే వస్తారు. కానీ దళారి ముందే చేతిలో పెట్టిన డబ్బు తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీయే. చట్టం దాన్ని 1976లోనే రద్దు చేసింది.

హైదరాబాద్‌లో 1996లో మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ‘ప్రజ్వల’ సంస్థను స్థాపించారు. వాళ్ళు మొదట పెట్టిందేమిటో తెలుసా? ఆ తల్లుల పిల్లలకు బడి! తల్లి పడ్డ బాధ బిడ్డకు రాకూడదని. ముందుజాగ్రత్త అంటే అదే.

మరి మనమేం చేయగలం?

* ‘మంచి పిల్లను తెచ్చిపెడతానమ్మా’ అని ఎవరైనా అంటే వయసెంత, అమ్మానాన్నలెవరు, జీతం ఎవరి చేతికిస్తారు అని అడగండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం. ‘అన్నం పెట్టి చదివిస్తున్నాం కదా’ అంటే కుదరదు.

* మీ పనిమనిషి కూతురు బడి మానేసిందా? ఎందుకో కనుక్కోండి. ‘సిటీలో ఉద్యోగం, కట్నం లేని సంబంధం’ అంటూ కొత్తవాళ్ళు తిరుగుతుంటే ఆ తల్లిని హెచ్చరించండి.

* వలస వచ్చిన తల్లులకు అంగన్‌వాడీ కేంద్రం ఎక్కడుందో చూపించండి. టీకాలకు, తిండికి వచ్చే బిడ్డ నలుగురి కళ్ళలో పడుతుంది. కనిపించకపోతే అడిగేవాళ్ళుంటారు.

* పక్కింట్లో పిల్లను గడప దాటనివ్వకపోయినా, ఒంటిమీద దెబ్బలు కనిపించినా మీరు గొడవకు దిగకండి. పిల్లలకైతే 1098, ఆడవాళ్ళకైతే 181, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.

ఇంకొక్క మాట. ఎలాగో బయటపడి ఇల్లు చేరిన అమ్మాయిని చూసి గుసగుసలాడకండి. జ్వరం తగ్గి లేచినవాళ్ళను పలకరించినట్టే ‘ఎలా ఉన్నావమ్మా?’ అని పలకరించండి. ఆ ఒక్క పలకరింపు ఆమె మళ్ళీ అటు వెళ్ళకుండా ఆపవచ్చు.