గాడి నుండి గణనకు

వినైల్ రికార్డును వెలుతురున కెదురుగా పట్టి చూచినచో వలయములైన గాడులు వందలకొలది కలవని తోచును గాని, నిజమునకు ఒక్కొక్క వైపున నుండునది వెలుపలి అంచున మొదలై నడిమి చీటి దాక చుట్టలు చుట్టుకొనుచు పోవు ఒకే యొక గాడి. అమెరికాలో థామస్ ఎడిసన్ 1877లో తగరపు రేకు చుట్టిన స్తంభముపై మానవకంఠమును గీయించి మరల వినిపింపగా, పదేండ్లకు ఎమిల్ బెర్లినర్ ఆ స్తంభమునకు బదులు బల్లపరుపు ఫలకమును చేపట్టి గ్రామఫోనునకు జన్మమిచ్చెను. లక్క కలిపి చేసిన ఆనాటి ఫలకములు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు మూడు నాలుగు నిమిషముల పాటను మాత్రమే మోయగలిగెడివి. 1948లో కొలంబియా సంస్థ వినైలుపై సన్నని గాడిని చెక్కించి, వేగమును 33⅓ చుట్లకు తగ్గించి, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు మించిన సంగీతమును నిలిపెను. ఆ గాడిలో నున్నదానికి ఏమియు చేర్చక, దానినుండి ఏమియు తీయక, అంకెలుగా మార్చి భద్రపరచుట యెట్లో ఇచట విచారింతము.

స్టీరియో రికార్డున గాడికి గల రెండు గోడలును నలువదియైదేసి డిగ్రీల వాలుతో నిలిచి, ఒకటి ఎడమ చెవికిని, రెండవది కుడి చెవికిని చెందిన ధ్వనిని వహించును. ఈ యుపాయమును ఇంగ్లండున అలన్ బ్లమ్లీన్ 1931 నాటికే ఊహించి పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. గాడి వంకరలను బట్టి ముల్లు కదలగా, దాని వెనుకనున్న చిన్న అయస్కాంతము తీగచుట్టల నడుమ కంపించి విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు మిల్లీవోల్టులలో లెక్కింపదగినంత స్వల్పము. అంతియే కాదు, మంద్రస్వరములను ఉన్నవి ఉన్నట్లు చెక్కినచో గాడి మిక్కిలి వెడల్పై స్థలము చాలదు గనుక వానిని తగ్గించియు, తారస్వరములు ఫలకపు రాపిడి సవ్వడిలో మునిగిపోకుండ వానిని హెచ్చించియు చెక్కుదురు. వినునపుడు దీనిని తలక్రిందులు చేసి, మంద్రమును పెంచి తారమును తగ్గింపవలయును. ఈ లెక్కను అమెరికా రికార్డు పరిశ్రమ సంఘము 1954లో స్థిరపరచెను. ఆ దిద్దుబాటు చేయు ఫోనో ప్రీఆంప్లిఫయరును నడుమ నుంచక టర్న్‌టేబులును నేరుగా కంప్యూటరు మైకు రంధ్రమునకు తగిలించినచో మృదంగపు తొప్పి అడుగంటి, కంఠము కీచుమని వినబడును. ప్రీఆంప్లిఫయరు నుండి వచ్చు తీగను లైన్-ఇన్ అను రంధ్రమునకే కలుపవలయును.

అచటినుండి సౌండు కార్డు పని యారంభమగును. ఎడతెగని విద్యుత్తరంగమును అది సెకనునకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను ఒక సంఖ్యగా వ్రాయును. తరంగమును ముక్కలుగా కొలిచిన నడిమి భాగము నష్టము కాదా యను శంకకు సమాధానము గణితమున కలదు: తరంగమునందలి అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపునకు మించి కొలతలు తీసినచో ఆ కొలతలనుండియే పూర్వతరంగమును సమగ్రముగా మరల నిర్మింపవచ్చునని నైక్విస్టు 1928లో బాట వేయగా, క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. మానవకర్ణము 20,000 కంపనములకు పైని వినజాలదు గనుక 44,100 చాలును. పదునారు బిట్ల సంఖ్య 65,536 మెట్లను గుర్తింపగలదు. నలువది నిమిషముల స్టీరియో రికార్డు ఈ లెక్కన 42 కోట్ల బైట్లకు పైబడును.

కంప్యూటరును, అందలి సౌండు కార్డును నడిపింపగల నిర్వహణవ్యవస్థలలో ఒకటైన లినక్స్ చరిత్రయు ఆసక్తికరమైనదే. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని వెలువరింపగా, ఆ దేశస్థుడే యైన హన్ను సవోలైనెన్ దానికి ధ్వనిని నేర్పెను. తరువాత చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా ఒక సౌండు కార్డునకై వ్రాసిన డ్రైవరునుండి 1998లో ఆల్సా అను నూతన ధ్వనివ్యవస్థ మొలకెత్తి, 2003 డిసెంబరున వెలువడిన లినక్స్ 2.6లో ప్రధానస్థాన మలంకరించెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డామినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ ఆరంభించిన, ధ్వనిని పట్టి దిద్దు ఆడాసిటీ అను సాధనము 2000లో ప్రజల కందెను. వీని నిర్మాణమంతయు బహిరంగము. కోరినవా రెవ్వరైనను చదివి, దిద్ది, తిరిగి పంచుకొనవచ్చును.

రికార్డును శుభ్రపరచి, అందు మిక్కిలి బిగ్గరగా నుండు భాగమును ముందుగా వినిపించి, ఆల్సామిక్సరను సాధనమున ధ్వనిమట్టమును సరిచేసికొనవలయును. శిఖరములు సున్న డెసిబెల్లునకు ఆరేడు డెసిబెల్లులు దిగువన నుండుట మేలు. సున్నను దాటిన శిఖరము తెగిపోవును, తెగినదానిని ఏ విద్యయు తిరిగి తేలేదు. 50 కంపనముల గుయ్యిమను మ్రోత వినబడినచో టర్న్‌టేబులు భూతంతిని ప్రీఆంప్లిఫయరునకు బిగించితిరో లేదో చూడవలయును. కంప్యూటరు లోపలి విద్యుద్ధ్వని బాధించినచో, పెట్టెకు వెలుపల యూఎస్‌బీ ద్వారా పనిచేయు సౌండు కార్డు మంచిది.

పిదప వచ్చునది శుద్ధి. ఇచటనే వివేక మవసరము. 33⅓ చుట్ల రికార్డుపై నిలువున పడిన గీత 1.8 సెకనులకొకసారి టక్కుమనును. ఏలయన ఒక చుట్టునకు పట్టు కాలమంతయే. ఆ యదరుపాటును కనిపెట్టి, ఇరుపక్కల కొలతలనుండి నడిమి కొలతను ఊహించి పూరించుట కంప్యూటరునకు సులభము. కాని బుసబుసలను తుడుచు సాధనమును మితిమీరి వాడినచో, బుసతోపాటు తంబురా శ్రుతియందలి సూక్ష్మ నాదములును, గాయకుని ఊపిరియు తుడిచిపెట్టుకొని పోవును. 1954కు పూర్వపు 78 చుట్ల ఫలకముల విషయము మరియు జటిలము: సంస్థకొక్క తీరుగా మంద్రతారములను చెక్కిరి గనుక ఒకే దిద్దుబాటు అన్నిటికిని చెల్లదు; వాని గాడియు వెడల్పు గనుక ముల్లును వేరుగా నుండవలయును. ఈనాడు మనము చేసిన దిద్దుబాటు తప్పని రేపు తేలవచ్చును. కావున శుద్ధి చేయని తొలి ప్రతిని తాకకుండ వేరుగా నుంచి, ఏ శుద్ధియైనను దాని నకలుపైననే చేయవలయునన్నది నా దృఢాభిప్రాయము. ఈ తొలి ప్రతికి 24 బిట్లును, సెకనునకు 48,000కు తగ్గని కొలతలును ఉండవలయునని ధ్వనిభాండాగారముల అంతర్జాతీయ సంఘము సూచించుచున్నది.

ఆ ప్రతిని దాచుటకు ఫ్లాక్ అను రూపము తగినది. 2001లో స్థిరపడిన ఈ రూపము సంగీతమును తరచు ఇంచుమించు సగమునకు కుదించియు ఒక్క బిట్టునైనను పోగొట్టదు. దాని వివరణము బహిరంగము గనుక ఒక సంస్థ మూతపడినను ఆ రూపమును చదువు విద్య మిగులును. తెలుగువారి పౌరాణిక నాటకపద్యములు, హరికథలు, కచేరీలు ఎన్నియో నేటికిని పాత ఫలకములయందే పడియున్నవి. లక్క ఫలకము చేయిజారిన పగులును. వినైలు వేడికి వంగును. ముల్లు పోయిన ప్రతిసారియు గాడి కొంత అరుగును. ఇట్టివి కలవారు ఫలకపు సంఖ్యను, గాయకుని పేరును, వాడిన ముల్లును, వేగమును చిన్న పత్రమున వ్రాసి ధ్వనితోపాటు రెండు చోట్ల దాచి, వీలైనచో ఒక ప్రతిని గ్రంథాలయమున కొసగవలయును. ఖర్చు స్వల్పము, విద్య సులభము. గాడి ఇంకను చెడకున్నపుడే పూనుకొనుట యొక్కటియే మనవంతు.