తెరపై పడవ కథ

కథను చెవితో వింటాం, కంటితో చదువుతాం. కథను ముందుకు నడిపే బాధ్యతను చదివేవాని చేతికే అప్పగించిన ప్రక్రియ ఇటీవలి కాలంలో రూపుదిద్దుకొంది. కంప్యూటర్ తెరపై పాఠకుడు వేలితో జరిపిన కొద్దీ చిత్రాలు, అక్షరాలు, ధ్వనులు ఒకదానిలోనుండి ఒకటి విచ్చుకొంటాయి. వేలు ఆగితే కథ ముందుకు సాగదు. గద్యపద్యాలు కలిసిన చంపువు తెలిసిన మనకు ఈ కలయిక వింత కానక్కరలేదు.

ఈ ప్రక్రియలో ఎన్నదగిన రచన 'ది బోట్'. వియత్నాంలో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన నామ్ లే 2008లో ఈ పేరుతోనే వెలువరించిన సంపుటిలోనిది మూలకథ. ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఎస్‌బీఎస్ 2015లో దీనిని ఇలా మలచింది. చిత్రకారుడు మాట్ హున్. ఆయన తల్లిదండ్రులు కూడా వియత్నాం విడిచి వచ్చిన శరణార్థులే. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమయ్యాక లక్షలాదిమంది చిన్న చిన్న పడవలలో సముద్రం మీదికి బయలుదేరారు. కథానాయిక మై అట్టి పడవలో ఒంటరిగా ఉన్న పదహారేండ్ల బాలిక. ఆ పడవలోనే ఆమెకు ట్రువోంగ్ అనే పసివాడు చేరువవుతాడు.

తుఫాను ఘట్టంలో పడవతోపాటు అక్షరాలు సైతం ఊగుతాయి. వాన, అల, మనుషులు వేర్వేరు పొరలుగా కదులుతారు. రైలు కిటికీలోనుండి చూసినప్పుడు దగ్గరి స్తంభాలు వేగంగా, దూరపు కొండలు మెల్లగా వెనుకకు పోతున్నట్లు తోస్తుంది కదా! ముందరి పొరను త్వరగా, వెనుకటి పొరను నెమ్మదిగా జరిపితే చదునైన తెరకు లోతు వచ్చినట్లుంటుంది. డిస్నీ సంస్థ 1937 నాటి 'ది ఓల్డ్ మిల్' అనే లఘుచిత్రంలో బొమ్మలను అంతరాలలో అమర్చి, పైనుండి కెమెరాతో చిత్రించి ఈ లోతునే సాధించింది. ఇటువంటి కథలలో కొన్నింట హంగు మితిమీరి మాట మునిగిపోతుంది. హున్ మాత్రం నల్ల సిరాతో గీసి, తెల్లని ఖాళీలను ధారాళంగా వదిలాడు. ఆ ఖాళీలే సముద్రమని తోస్తుంది.

మన చేర్యాల పటం కూడా చుట్ట విప్పుతూ చెప్పే కథయే. చింతగింజల అంబలి, సుద్ద పూసిన బట్టపై వరుసలుగా గీసిన బొమ్మలను కథకుడు ఒక్కొక్కటిగా చూపుతూ గానం చేస్తాడు. అయితే అక్కడ పటం విప్పే చేయి కథకునిది. శ్రోతల ముఖాలు చూసి, దుఃఖఘట్టం వద్ద అతడు కాసేపు నిలుస్తాడు, ఒక చమత్కారం విసిరి తేరుకోనిస్తాడు. 'ది బోట్'లో అట్టి తోడు లేదు. నీళ్లు కరువై, జ్వరం సోకి, తీరం చేరకముందే ట్రువోంగ్ మరణిస్తాడు. ఆ బొమ్మ రావలెనంటే పాఠకుడు తన వేలిని తానే కదిలించాలి. తెరను జరపకుండా అక్కడే ఆపినంతసేపు పసివాడు బ్రతికే ఉంటాడు.