రీఫండులో వాటా అడిగితే అనుమానించాలి

పామూరు : ఆదాయపు పన్ను షావుకార్ల సంగతి అనుకునే రోజులు పోయాయి. వానలు మొహం చాటేసిన ఏళ్లలో హైదరాబాద్, బెంగళూరు కట్టుబడి పనులకు వెళ్లిన మేస్త్రీల దగ్గర నుంచి, బ్యాంకులో డిపాజిట్టు వేసుకున్న పింఛనుదారుల వరకు అందరికీ నేడు పాన్ కార్డు ఉంది. దాని మీద పన్ను కోత పడినప్పుడే లెక్క తెలిసిన మనిషి అవసరం తెలిసివస్తోంది.

కోత పడిన సొమ్ము

ఒక మేస్త్రీ ఏడాదిలో 10 లక్షల రూపాయల కూలి బిల్లు చేశాడనుకుందాం. బిల్లు ఇచ్చే కంపెనీ 1 శాతం, అంటే 10 వేలు పన్ను కింద పట్టుకుంటుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. ఖాతా పుస్తకాలు రాయని చిన్న కంట్రాక్టరు బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ములో కనీసం 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపే వీలు చట్టంలో ఉంది. ఆ లెక్కన అతని ఆదాయం 60 వేలే. వేరే ఆదాయం లేకుంటే కట్టవలసిన పన్ను లేదు. కానీ గడువులోగా రిటర్ను వేస్తేనే ఆ 10 వేలు తిరిగి వస్తాయి. చాలామంది ఆ సొమ్మును ఊరికే వదిలేసుకుంటున్నారు.

పింఛనుదారులదీ ఇదే తీరు. 2025 ఏప్రిల్ 1 నుంచి 60 ఏళ్లు నిండిన వారికి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే కోత. ఇతరులకు ఆ హద్దు 50 వేలు. పన్ను పడని వారు ముందే బ్యాంకులో డిక్లరేషన్ ఇస్తే కోత ఉండదు. ఈ మాట సకాలంలో చెప్పే అకౌంటెంటు ఫీజు దండుగ కాదు.

సంతకం ఎవరిదో బాధ్యత వారిదే

ఇక ఉద్యోగులను వలలో వేసేవారు వేరే ఉన్నారు. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని విరాళాలు రాసి రీఫండు తెప్పిస్తామని, అందులో వాటా ఇమ్మని అడుగుతారు. ఇలాంటి దొంగ క్లెయిముల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జూలై 14న దేశంలో 150 చోట్ల తనిఖీలు జరిపింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తమంతట తాము రిటర్నులు సరిచేసి, 1,045 కోట్ల రూపాయల క్లెయిములు వదులుకున్నారని ప్రకటించింది. కొందరు ఏజెంట్లు తాత్కాలిక ఈమెయిళ్లతో రిటర్నులు వేసి తర్వాత వాటిని వదిలేయడంతో, నోటీసులు వచ్చినా అసలు మనిషికి తెలియలేదు.

తప్పుడు లెక్క రుజువైతే ఎగవేసిన పన్నుకు రెట్టింపు జరిమానా, పైన వడ్డీ. అవి పడేది ఏజెంటు మీద కాదు, రిటర్ను ఎవరి పేరున ఉందో వారి మీద. రీఫండు వస్తేనే, అందులో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం వృత్తి దోషం. కనుక వాటా అడిగిన వారిని ఆడిటరుగా నమ్మరాదు.

మంచి అకౌంటెంటు ముందు కాగితాలు అడుగుతాడు. రిటర్నులో మీ సొంత ఫోను నెంబరు, ఈమెయిలు పెట్టించుకోండి. పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి. ప్రతి అంకె చదివించుకుని, నకలు తీసుకున్నాకే ఫీజు చెల్లించండి.