గట్టు గడ్డిలో ఎర్ర జీనువాయి

పచ్చిమేత పెంపకాన్ని గురించి మనం తరచు చెప్పుకుంటూ ఉంటాం. మేత కోసే గట్ల మీదనే, మన కొడవలికి మూరెడు దూరంలో కాపురం చేసే ఒక చిన్న పిట్టను గురించి ఈసారి సభ్యులకు తెలియజేయదలచాము. అదే ఎర్ర జీనువాయి. హిందీలో దీనిని లాల్ మునియా అంటారు.

రూపం

ఇది పిచ్చుక కంటె చిన్నది. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. వానకాలంలో మగపిట్ట ఒళ్లు ఎర్రగా, దానిపై ముత్యాలు చల్లినట్లు తెల్లని చుక్కలతో ఉంటుంది. రెక్కలు ముదురు గోధుమ రంగు, తోక నలుపు. ఆడపిట్ట గోధుమ రంగులో ఉంటుంది. తోక మొదట మాత్రం ఎరుపు కనిపిస్తుంది. గూళ్ల కాలం దాటగానే మగపిట్ట కూడా ఎర్ర ఈకలు రాల్చి ఇంచుమించు ఆడపిట్టలా మారిపోతుంది. అందుచేత రెండూ వేరువేరు జాతులని పొరబడవచ్చు.

ముక్కు రంగు కూడా ఏడాది పొడుగునా మారుతూ ఉంటుంది. మే నెలలో ఎర్రబడడం మొదలై, నవంబరు, డిసెంబరుల్లో ముదురుతుంది. ఏప్రిల్ నాటికి నల్లబడుతుంది.

అలవాట్లు

చెరువు శిఖాలు, కాలువ గట్లు, రెల్లు, తుంగ, చెరకు తోటలు దీనికి ఇష్టమైన చోట్లు. ఎత్తైన గడ్డి, దగ్గరలో నీరు ఉండాలి. ముఖ్యమైన ఆహారం గడ్డి గింజలు. ఉసిళ్లు, చెదపురుగులు దొరికితే అవీ తింటుంది. మామూలు రోజుల్లో చిన్న చిన్న గుంపులుగా తిరుగుతూ, ఒకదాని ఈకలు ఒకటి సవరించుకుంటాయి. గూళ్ల కాలంలో జంటలుగా విడిపోతాయి. పాట సన్నని గొంతుతో ఉంటుంది. దగ్గరకు వెళ్తే గాని వినిపించదు.

గూడు గడ్డి పోచలతో అల్లిన బంతి వంటిది. పొదలో, గడ్డి దుబ్బులో, నేలకు కొద్ది ఎత్తునే కడుతుంది. సాధారణంగా 5 లేక 6 తెల్లని గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పొదుగుతాయి. గుడ్లు పెట్టడం మొదలైనది లగాయతు పిల్లలు ఎగిరే వరకు సుమారు 5 వారాలు పడుతుంది.

వచ్చిన చిక్కు

గూడు కట్టే కాలమూ, మనకు గట్టు గడ్డి ఏపుగా దొరికే కాలమూ ఒకటే. గట్టు మొత్తం ఒకేసారి కోసినా, కలుపుమందు కొట్టినా ఆ 5 వారాల గడువు పిట్టకు దొరకదు. మరొక ఆపద పంజరం. పూర్వం అహమ్మదాబాదు నుంచి ఈ పిట్టలను పెంపకానికి ఎగుమతి చేసేవారు. దీని శాస్త్రీయ నామం అమండవ ఆ ఊరి పేరు నుంచి వచ్చినదే. నేడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని పట్టడం, అమ్మడం నేరం.

మనం చేయదగినవి

1. గట్టు గడ్డిని వంతులవారీగా కోయండి. ఒక వైపు కోసిన తరువాత రెండవ వైపును 5, 6 వారాలు ఆగి కోయండి.

2. కోసేటప్పుడు గూడు కనిపిస్తే ఆ దుబ్బును, చుట్టూ కొంత గడ్డిని వదిలివేయండి.

3. గట్లపై కలుపుమందు చల్లవద్దు. మందు పడిన గడ్డి పశువులకూ మంచిది కాదు.

4. ఎండుగడ్డి గట్లకు నిప్పు పెట్టవద్దు.

5. పంజరంలో అమ్మవచ్చిన పిట్టను జాలిపడి కూడా కొనవద్దు. ఒకటి కొంటే మరొకటి వలలో పడుతుంది.

ఈ పిట్ట ఉన్నందువల్ల పాలు పెరుగుతాయని మేము చెప్పబోము. అయితే ఇది కాపురం ఉన్న గట్టున గడ్డి గింజ పట్టేదాకా నిలుస్తున్నదని అర్థం. గింజ రాలిన చోట మరుసటి ఏడు విత్తనం కొనకుండానే మేత మొలుస్తుంది. పశువుకు ఒక మోపు, పిట్టకు ఒక దుబ్బు. రెండింటికీ మన గట్టు చాలుతుంది.