బేస్ గిటార్‌లో విడితీగ, మెట్టుస్వరం: ఎంపికకు ప్రాతిపదికలు

వ్యాససంగ్రహం:

బేస్ గిటార్ మీద ఒకే స్వరాన్ని పలికించడానికి తరచుగా ఒకటికి మించిన స్థానాలు ఉంటాయి. వేలు ఆనించకుండా తీగను మీటాలా, మెట్టు దగ్గర నొక్కి మీటాలా అన్నది వాదకుడు అడుగడుగునా తేల్చుకోవలసిన విషయం. శిక్షణలో ఇది చేతి సౌలభ్యానికి సంబంధించిన ప్రశ్నగానే మిగిలిపోతుంది. స్వరం ఎలా మొదలవుతుందన్న దానికంటే ఎప్పుడు, ఎలా ఆగాలన్నదే ఈ ఎంపికకు ప్రధాన ప్రాతిపదిక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాద్య నిర్మాణం, జేమ్స్ జేమర్సన్ వాదనశైలి, వీణతో పోలిక ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: బేస్ గిటార్, విడితీగ, మెట్టుస్వరం, నాదగుణం, గమకం, వీణ.

1. ఉపోద్ఘాతం:

ఎడమచేతి వేలు ఆనకుండా పూర్తి పొడవుతో మోగే తీగను ఈ వ్యాసంలో ‘విడితీగ’గానూ, మెట్టు దగ్గర నొక్కగా పుట్టే స్వరాన్ని ‘మెట్టుస్వరం’గానూ పేర్కొనడమైంది. ఈ రెంటి విషయంలో బోధనలో పరస్పర విరుద్ధమైన రెండు సూత్రాలు వినిపిస్తాయి. తొలి పాఠాల్లో విడితీగలను ధారాళంగా వాడిస్తారు. కొంత సాధన అయ్యాక వాటిని వీలైనంత వరకు మానుకొమ్మంటారు. రెండు సూత్రాలకూ కారణాలున్నాయి. కాని కారణం చెప్పకుండా సూత్రాన్ని మాత్రమే అందించినప్పుడు విద్యార్థి వినికిడితో కాక అలవాటుతో నిర్ణయం తీసుకుంటాడు.

విడితీగల వాడకానికి బేస్ గిటార్ కంటే పాతదైన డబుల్ బేస్‌లో మరొక ప్రయోజనం ఉంది. మెట్లు లేని ఆ వాద్యం మీద విడితీగ శ్రుతిశుద్ధికి కొలబద్దగా నిలుస్తుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు మెట్లు అమర్చారు. స్వరస్థానం కచ్చితంగా పలుకుతుందన్న అర్థం దాని పేరులోనే ఉంది. మెట్లు వచ్చాక శ్రుతి కోసం విడితీగను ఆశ్రయించే అవసరం తగ్గింది. అలవాటు మాత్రం కొనసాగింది. కనుక మెట్లున్న వాద్యంలో ఈ ఎంపికకు వేరే ప్రాతిపదికను వెతకవలసి ఉంటుంది.

2. ఒకే స్వరం, నాలుగు స్థానాలు:

నాలుగు తీగల బేస్ గిటార్‌లో కింది స్థాయి నుంచి వరుసగా ఇ, ఎ, డి, జి తీగలుంటాయి. వాటి పౌనఃపున్యాలు సుమారుగా 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్. ఎక్కువ వాద్యాల్లో నట్ నుంచి బ్రిడ్జి వరకు తీగ పొడవు 34 అంగుళాలు, అంటే సుమారు 86.4 సెంటీమీటర్లు. వీణలోని మేరువు చేసే పనినే ఇక్కడ నట్ చేస్తుంది.

98 హెర్ట్జ్ స్వరాన్ని ఉదాహరణగా తీసుకుంటే, అది జి విడితీగగా పలుకుతుంది. డి తీగ 5వ మెట్టు, ఎ తీగ 10వ మెట్టు, ఇ తీగ 15వ మెట్టు దగ్గర కూడా అదే స్వరం వస్తుంది. మోగే తీగ పొడవు మాత్రం వరుసగా 86.4, 64.7, 48.5, 36.3 సెంటీమీటర్లకు తగ్గుతూ పోతుంది. అదే క్రమంలో తీగ మందం పెరుగుతుంది. సాధారణంగా వాడే ఒక తీగల జతలో జి తీగ మందం 0.045 అంగుళాలైతే, ఇ తీగ మందం 0.105 అంగుళాలు.

పొడవైన సన్నని తీగలో అతిస్వరాలు ఎక్కువగా, ఎక్కువసేపు నిలుస్తాయి. పొట్టిదైన మందపు తీగలో బిరుసుదనం వల్ల పై అతిస్వరాలు త్వరగా అణగిపోతాయి. అందుచేత విడితీగ నాదం ప్రకాశవంతంగానూ, పై మెట్టు నాదం గుండ్రంగానూ వినిపిస్తుంది. మెట్టుస్వరాల నడుమ ఒక విడితీగ వస్తే, బలం సమానంగా ప్రయోగించినా అది విడిగా తెలిసిపోవడానికి ఇదొక కారణం. విడితీగ ఎముక లేదా ప్లాస్టిక్ నట్ మీద ఆని ఉండడం, మెట్టుస్వరం లోహపు మెట్టు మీద ఆని ఉండడం మరొక కారణం. కొన్ని వాద్యాల్లో ఈ తేడాను తగ్గించడానికి నట్‌ను ఆనుకుని అదనంగా ఒక ‘సున్నా మెట్టు’ను అమరుస్తారు. పాల్ మెకార్ట్నీ వాదనతో ప్రసిద్ధమైన హాఫ్నర్ 500/1 ఇందుకు ఉదాహరణ.

3. స్వరం ఆగే తీరు:

మెట్టుస్వరాన్ని ఆపడానికి నొక్కిన వేలిని కాస్త సడలిస్తే చాలు. స్వరాన్ని పుట్టించిన వేలే దాన్ని ముగిస్తుంది. విడితీగకు అలాంటి వేలు లేదు. దాన్ని ఆపడానికి కుడిచేయో ఎడమచేయో ప్రత్యేకంగా కదలాలి. నిమిషానికి 120 తాళగతిలో అర లెక్క స్వరం నిడివి పావు సెకను. ఆ వ్యవధిలో చేయి ఈ పనిని మరచిపోతే, విరామం ఉండవలసిన చోట నాదం మిగులుతుంది.

తరువాతి స్వరం ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఈ ఇబ్బంది మారుతుంది. ఎ విడితీగ తరువాత బి-ఫ్లాట్ రావాలనుకుందాం. దాన్ని అదే తీగ 1వ మెట్టు దగ్గర నొక్కితే మొదటి స్వరం దానంతటదే ఆగిపోతుంది. ఇ తీగ 6వ మెట్టు దగ్గర పలికిస్తే ఎ తీగ ఇంకా మోగుతూనే ఉంటుంది. 55, 58.3 హెర్ట్జ్ నాదాలు కలిసి సెకనుకు సుమారు మూడుసార్లు ఎగసిపడే అస్పష్టత ఏర్పడుతుంది. నొక్కే వేలి అడుగుభాగాన్ని ఎ తీగకు తాకించడమే దీనికి పరిష్కారం.

కుడిచేతి విషయంలోనూ దిశ ముఖ్యమే. మీటిన వేలు పక్కనున్న కింది స్థాయి తీగ మీద వాలే పద్ధతిలో, కింది స్థాయి తీగ నుంచి పై స్థాయి తీగకు వెళ్లినప్పుడు వెనుకటి తీగ దానంతటదే అణగుతుంది. పై తీగ నుంచి కింది తీగకు దిగినప్పుడు ఈ రక్షణ లేదు. కనుక విడితీగ ఆరోహణలో వాదకునికి సహకరిస్తుంది, అవరోహణలో అదనపు శ్రద్ధను కోరుతుంది.

‘విడితీగను మానుకోవాలి’ అన్న సూత్రానికి ఇక్కడే ఒక హద్దు కనిపిస్తుంది. సాధారణ శ్రుతిలోని నాలుగు తీగల వాద్యం మీద 41.2 హెర్ట్జ్ స్వరానికి విడితీగ తప్ప వేరే స్థానం లేదు. 30.9 హెర్ట్జ్ బి తీగ కలిగిన అయిదు తీగల వాద్యం మీద అది 5వ మెట్టు దగ్గర కూడా లభిస్తుంది. అంటే విడితీగను ఆపడం నేర్పకుండా దాన్ని మానుకొమ్మని చెప్పే శిక్షణ, నాలుగు తీగల వాదకుణ్ణి తప్పనిసరి స్వరం దగ్గరే నిస్సహాయుణ్ణి చేస్తుంది.

4. జేమ్స్ జేమర్సన్ ఉదాహరణ:

డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ రికార్డింగుల ద్వారా ప్రసిద్ధుడైన జేమ్స్ జేమర్సన్ (1936–1983) డబుల్ బేస్ నుంచి బేస్ గిటార్‌కు వచ్చిన వాదకుడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటడం, విడితీగలను విరివిగా వాడడం, పై తీగల నుంచి కింది తీగలకు అదే వేలిని ఈడ్చుతూ దిగడం ఆయన శైలీలక్షణాలు. పై విశ్లేషణ ప్రకారం నాదాలు కలగాపులగం కావడానికి ఎక్కువ అవకాశమున్న మార్గమిది. అయినా ఆయన వాదనలో ప్రతి స్వరమూ విడివిడిగా వినిపిస్తుంది.

ఆయన నైపుణ్యంతోపాటు వాద్యపు అమరిక కూడా ఇందుకు కారణం. ఆయన 1962 నాటి ప్రెసిషన్ బేస్‌కు నునుపైన చుట్టు కలిగిన మందపు తీగలు ఉండేవి. బ్రిడ్జి మూత కింద తీగలకు తాకుతూ ఫోమ్ ముక్క ఉండేది. అది విడితీగనూ మెట్టుస్వరాన్నీ సమానంగా త్వరగా అణచివేసేది. పై అతిస్వరాలు ముందే తగ్గిపోవడంతో రెంటి నాదగుణాల మధ్య దూరమూ తగ్గింది. 1960లలో జాన్ ఎంట్‌విజిల్ వంటివారి వాదనతో ప్రాచుర్యం పొందిన గుండ్రని చుట్టు తీగల మీద, ఫోమ్ లేకుండా, అవే స్థానాలను అనుకరిస్తే విడితీగలు ముందుకు పొడుచుకు వస్తాయి. కాబట్టి ఒక వాదకుని స్థానాలను అనుసరించేటప్పుడు ఆయన వాద్యంలో నాదం ఎలా ఆగేదో కూడా గమనించాలి.

5. ఆధారస్వరం, గమకం – వీణతో పోలిక:

విడితీగ మీద ఎడమచేతితో స్వరాన్ని కంపింపజేయడం సాధారణంగా వీలుకాదు. దాని నుంచి పక్క స్వరానికి జారడం కూడా సాధ్యం కాదు. దీర్ఘస్వరాల దగ్గర ఈ పరిమితి స్పష్టంగా తెలుస్తుంది. సరస్వతీ వీణలోనూ ఇదే పరిమితి ఉంది. అయితే అక్కడ శ్రుతి పద్ధతి దాన్ని చాలావరకు ముందే పరిష్కరించింది. సారణి మధ్యస్థాయి షడ్జానికి, తక్కిన మూడు వాదన తీగలు మంద్ర పంచమం, మంద్ర షడ్జం, అనుమంద్ర పంచమాలకు శ్రుతి చేసి ఉంటాయి. షడ్జ పంచమాలు అచల స్వరాలు. గమకాన్ని తక్కువగా కోరే స్వరాలే విడితీగలకు దక్కాయి.

బేస్ గిటార్‌లో తీగల శ్రుతి మారదు, ఆధారస్వరం మారుతుంది. జి విడితీగ జి ఆధారంలో షడ్జం. సి ఆధారంలో పంచమం. ఇ-ఫ్లాట్ ఆధారంలో అంతర గాంధారం. ఎ-ఫ్లాట్ ఆధారంలో కాకలి నిషాదం. మొదటి రెండు సందర్భాల్లో విడితీగ నిలకడగా అమరుతుంది. నిషాదం షడ్జానికి జారవలసిన చోట అది పనికిరాదు, క్షణకాలపు సంచార స్వరమైతే సరిపోతుంది.

గాయకుని కోసం ఆధారస్వరం మార్చవలసి వచ్చినప్పుడు ఈ విషయం మరింత ముఖ్యమవుతుంది. పూర్తిగా మెట్టుస్వరాలతో కూర్చుకున్న వరుసను, పరిధి అనుమతించినంత మేర, అదే చేతి ఆకృతితో రెండు మెట్లు పక్కకు జరపవచ్చు. విడితీగలు కలిసిన వరుసలో వేళ్ల క్రమాన్ని మళ్లీ నిర్ణయించుకోవాలి. మరోవైపు, విడితీగ మోగుతున్న క్షణంలో ఎడమచేయి స్వేచ్ఛగా ఉంటుంది. 1వ మెట్టు నుంచి 7వ మెట్టుకు చేరడానికి కావలసిన వ్యవధిని అది సమకూరుస్తుంది.

6. ముగింపు:

విడితీగ ప్రారంభకుల సౌకర్యమూ కాదు, ప్రౌఢ వాదకుడు విసర్జించవలసిన దోషమూ కాదు. స్వరం ఎంతసేపు నిలవాలి, దాన్ని ఏ వేలు ఆపుతుంది, తరువాతి స్వరం ఏ తీగ మీద ఉంది, ఆ ఆధారస్వరంలో దానికి కదలిక అవసరమా అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితే స్థానం దాదాపుగా నిర్ణయమైనట్లే. చేతి సౌలభ్యాన్ని ఆ తరువాత పరిగణించాలి. బోధనలో విడితీగను మీటడంతోపాటే దాన్ని ఆపడాన్ని కూడా తొలి పాఠంలోనే చేర్చితే, ఆ తరువాత దాన్ని మానుకొమ్మని చెప్పవలసిన అవసరం చాలావరకు తొలగిపోతుంది. బేస్ వాదకుడు లయను నిలబెట్టేది పలికించిన స్వరాలతోపాటు, వేళకు ఆపిన స్వరాలతో కూడా.