బండికి తగిన టైరు

మోటారు కారు కొనునప్పుడు మనము పెక్కు విషయములు విచారింతుము. రంగు చూతుము, ఇంజను శక్తి ఎంతో అడుగుదుము, లీటరు పెట్రోలునకు ఎన్ని కిలోమీటర్లు నడచునో లెక్క వేయుదుము. కాని ఆ కారు రోడ్డుమీద పరుగెత్తునప్పుడు నేలను ఎచ్చట తాకుచున్నదో ఆలోచించువారు అరుదు. నేలను తాకునవి నాలుగు టైర్లు మాత్రమే. అందును ఒక్కొక్క టైరు తాకు చోటు ఇంచుమించుగా ఒక పోస్టుకార్డంత ఉండును. ఆలుమగలు, పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు కూర్చుండగా కారు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. ఆ కుటుంబమంతయు నాలుగు పోస్టుకార్డులను నమ్ముకొని పోవుచున్నట్లే. బ్రేకు వేసిన బండి ఆగుట, మలుపులో జారకుండుట, వానలో దారి తప్పకుండుట, ఇవియన్నియు ఆ కొద్దిపాటి చోటులోనే తేలవలసిన విషయములు.

ఇట్టి టైరును కొనబోవునప్పుడు మనలో పెక్కుమంది అడుగు ప్రశ్న "ఏది చవక?" అనునది. మరికొందరు "ఏ కంపెనీది మంచిది?" అందురు. ఈ రెండును అడుగదగినవే గాని, మొదట అడుగవలసినవి కావు. మొదట అడుగవలసిన ప్రశ్న ఏదో నాకు ఒక టోకు వర్తకుని గిడ్డంగిలో బోధపడినది.

గిడ్డంగిలో ఒక ఉదయము

విజయవాడ ఆటోనగరులో మోటారు బండ్లకు సంబంధించిన ప్రతి వస్తువును దొరకును. ప్రతి మరమ్మతును జరుగును. అందొక టైర్ల డిస్ట్రిబ్యూటరు గిడ్డంగిలో ఒక ఉదయము కూర్చుండు అవకాశము నాకు కలిగినది. కర్మాగారములనుండి టైర్లు లారీలకెత్తి అచ్చటికి వచ్చును. అచ్చటినుండి చుట్టుపట్ల ఊళ్ల చిల్లర దుకాణములకు పోవును. నేడు టైరు మనకు దూరపు వస్తువు కాదు. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి కర్మాగారము కలదు. తిరుపతి జిల్లా చిన్నపాండూరులో 2020లో అపోలోవారి కర్మాగారము ప్రారంభమైనది. అచ్యుతాపురములో 2022లో ఆరంభమైన కర్మాగారమునందు పొలములలోను, గనులలోను తిరుగు యంత్రములకు టైర్లు తయారగుచున్నవి. అయినను ఏ ఊరికి ఏ రకము టైరు ఎన్ని కావలెనో కర్మాగారమునకు తెలియదు. అది టోకు వర్తకునికి తెలియును. డెల్టాలో దుక్కి టైర్లు, రాతిగనుల ప్రాంతమున కోతకు ఓర్చు లారీ టైర్లు, పట్టణములలో కారు, స్కూటరు టైర్లు అడుగుదురని ఎరిగి ఆయన ముందుగానే సరకు తెప్పించి ఉంచును.

ఆయన తన వద్దకు వచ్చినవారిని మొదట ధర గూర్చిగాని, కంపెనీ గూర్చిగాని అడుగలేదు. "బండి ఏ పని చేయునండీ? ఏ రోడ్డుమీద తిరుగును? ఎంత బరువు మోయును?" అని మాత్రము అడిగినారు. ఆ ఉదయము ముగ్గురు వచ్చిరి. ముగ్గురికిని ఆయన ఇచ్చిన సమాధానములు మనకును ఉపయోగించును.

రైతు

మొదట వచ్చినది ఉయ్యూరు వైపు నుండి ఒక పెద్దరైతు. ట్రాక్టరు వెనుక టైర్లు అరిగినవట. "దమ్ము పని ఎక్కువా బాబాయిగారూ, ట్రక్కు తోలుట ఎక్కువా?" అని వర్తకుడు అడిగెను. "దమ్ము ఏడాదికి రెండు నెలలే నాయనా. మిగిలినదంతా చెరకు తోలుటే" అని రైతు చెప్పెను. "అట్లయిన ఆ లోతు బటన్ టైరు మీకు వద్దు" అని వర్తకుడు వేరొక జత చూపెను.

కారణమేమనగా, ట్రాక్టరు వెనుక టైరుమీద ఏటవాలుగా నుండు ఎత్తైన గట్లు బురదలో దిగి పట్టుటకు ఏర్పడినవి. చక్రము తిరుగుచుండగా వాని నడుమ చేరిన మట్టి ప్రక్కలకు జారిపోవును. అందుకే టైరు ప్రక్కన ఒక బాణపు గుర్తు ఉండును. ఆ గుర్తు ముందుకు తిరుగునట్లు బిగింపవలెను. తారుమారుగా బిగించినచో మట్టి లోపల కూరుకొని చక్రము ఊరక తిరుగును. గట్లు ఎంత ఎత్తుగా నున్న బురదలో అంత పట్టు. కాని తారురోడ్డుమీద భారమంతయు ఆ గట్ల కొసలమీదనే పడుటచే అవి త్వరగా అరిగిపోవును. కావున రోడ్డు పని ఎక్కువగా గలవారు మధ్యరకపు గట్లు గల టైరు కొని, దమ్ముకు ఇనుప చక్రములు తగిలించుకొనుట మేలు. ఆ ఇనుప చక్రములతో తారురోడ్డు ఎక్కుట మాత్రము తగదు, రోడ్డు పాడగును.

లారీ యజమాని

రెండవవాడు చీమకుర్తి నుండి గ్రానైటు రాళ్లు తోలు లారీ యజమాని. ఆయన సందేహము నైలాన్ టైరా, రేడియల్ టైరా అని.

టైరు అంతయు రబ్బరే అని మనము అనుకొందుము. దాని లోపల ఎముకల గూడువలె త్రాళ్ల పొరలు ఉండును. పాతరకపు టైరులో ఈ నైలాన్ త్రాళ్లు ఒక పొరకు మరియొక పొర అడ్డముగా, ఏటవాలుగా అల్లుకొని ఉండును. దానినే మనవారు నైలాన్ టైరు అందురు. రేడియల్ టైరులో త్రాళ్లు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా పోవును. వానిపైన, బటన్ క్రింద, ఉక్కు తీగల పట్టీలు చుట్టి ఉండును. ఈ పద్ధతికి ఫ్రాన్సు దేశపు మిషెలిన్ కంపెనీవారు 1946లో పేటెంటు పొందిరి. నైలాన్ టైరు ప్రక్కగోడలు దళసరివి. గుంటలకు, రాళ్లకు ఓర్చును. కాని పొరలు ఒకదానితో నొకటి ఒరసికొనుటచే వేడెక్కును. రేడియల్ చల్లగా నడచును, ఎక్కువ దూరము వచ్చును, డీజిలు ఆదా చేయును. కాని దాని ప్రక్కగోడ పలుచన. వాడి రాయి తగిలిన చీలును.

"గనిలోనే తిరుగు బండికి నైలాన్, హైవేమీద పోవు బండికి రేడియల్" అని వర్తకుడు తేల్చెను. "ముందు చక్రములకు నిలువు చారల రిబ్ టైరు, వెనుక చక్రములకు లగ్ టైరు. రెండు రకములు ఒకే ఇరుసుకు మాత్రము వేయవద్దు" అని హెచ్చరించెను. నిలువు చారలు బండిని తిన్నగా నడుపుటకు తోడ్పడును. లోతైన లగ్‌లు బరువు లాగుటకు తోడ్పడును. రెండు జాతుల టైర్లు ఒకే ఇరుసున ఉన్నచో మలుపులో ఒకటొక విధముగా, మరియొకటి మరొక విధముగా వంగి, బండి అదుపు తప్పును.

కారు యజమాని

మూడవవారు మనవంటి గృహస్థు. తీర్థయాత్రకు పోవుచుండగా దారిలో ఒక టైరు పంక్చరైనదట. స్టెప్నీ వేసికొని బయలుదేరిరి. అరగంటలో ఆ స్టెప్నీ పెద్ద శబ్దముతో పగిలెను. దైవికముగా అప్పుడు కారు నెమ్మదిగా పోవుచుండుటచే ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ పగిలిన టైరును ఆయన వెంట తెచ్చిరి. "చూడండి, ఒక్కనాడును వాడని టైరు. ఇట్లు మోసము చేయునా?" అని వాపోయిరి.

వర్తకుడు టైరు ప్రక్కన అండాకారపు గడిలోని నాలుగు అంకెలు చూపెను. మొదటి రెండు అంకెలు తయారైన వారము; చివరి రెండు సంవత్సరము. 1423 అని ఉన్నచో 2023వ సంవత్సరము 14వ వారములో తయారైనదని అర్థము. ఆ గృహస్థు స్టెప్నీకి 11 ఏండ్లు నిండినవి. "బటన్ అంతయు ఉన్నదండీ, ప్రాణము పోయినది" అని వర్తకుడు అనెను.

రబ్బరు వాడకున్నను ముసలిదగును. గాలిలోని ఆక్సిజన్, ఓజోను, ఎండ, వేడి దానిని గట్టిపరచి సన్నని బీటలు తెచ్చును. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట నిపుణునిచేత పరీక్ష చేయింపుమనియు, పదేండ్లు నిండినదానిని బటన్ ఎంత మిగిలియున్నను మార్చుమనియు పెక్కు కర్మాగారములవారు చెప్పుదురు. డిక్కీలోని స్టెప్నీకిని ఇదే నియమము.

టైరుమీది వ్రాత

కారు టైరుమీద 185/65 ఆర్ 15, తరువాత 88 టి అని ఉన్నదనుకొందము. 185 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్. 15 అనగా రిమ్ము వ్యాసము, అంగుళములలో. 88 అను సంఖ్య బరువునకు గుర్తు. ఆ టైరు 560 కిలోగ్రాముల వరకు మోయగలదు. టి అను అక్షరము వేగమునకు గుర్తు; గంటకు 190 కిలోమీటర్ల వరకు తట్టుకొనును. బండి తయారుచేసినవారు ఏ కొలత వ్రాసిరో ఆ కొలతయే కొనవలెను. బరువు సంఖ్య వారు చెప్పినదానికి ఎన్నడును తగ్గరాదు. అందము కొరకు వెడల్పు టైర్లు వేయించువారు కలరు. అవి బాడీకి ఒరసికొనవచ్చును. మొత్తము ఎత్తు మారినచో వేగము చూపు ముల్లు కూడ తప్పు చెప్పును.

బటన్ చారల అడుగున అచ్చటచ్చట చిన్న దిమ్మలు ఉండును. కారు టైరులో వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. బటన్ అరిగి ఆ దిమ్మలతో సమమైనచో టైరు పని అయిపోయినదన్నమాట. వానలో రోడ్డుమీది నీటిని ప్రక్కకు తోయునవి ఆ చారలే. అవి లేనప్పుడు టైరు నీటిపై తేలును. బ్రేకుగాని, స్టీరింగుగాని పనిచేయదు. రెండు టైర్లే మార్చుచున్నచో క్రొత్తవానిని వెనుకకు వేయించుట క్షేమము. ముందు చక్రములు జారిన వేగము తగ్గించి సరిచేసికొనవచ్చును. వెనుక చక్రములు జారిన బండి గిరగిర తిరిగిపోవును.

గిడ్డంగి చెప్పు సాక్ష్యము

మంచి వర్తకుని గుర్తించుటకు ఆయన గిడ్డంగి చూచిన చాలును. టైర్లు ఎండ సోకని చల్లని చోట నిలువుగా నిలబెట్టి ఉండవలెను. ఒకదానిపై నొకటి ఎత్తుగా పేర్చినచో అడుగునవి వంకరపోవును. నూనెలు, గ్రీజు తగులరాదు. విద్యుత్ మోటార్లు, వెల్డింగు పని దగ్గర ఓజోను పుట్టును గనుక అవి దూరముగా ఉండవలెను. ముందు వచ్చిన సరకు ముందు పోవలెను. ఇట్లు భద్రపరచిన టైరు తయారై ఏడాది అయినను భయము లేదు. కాని ఎవరైన విపరీతముగా ధర తగ్గించి అమ్మినచో, రసీదు వ్రాయించుటకు ముందు ఆ నాలుగు అంకెలు చదువుడు. ఐ.ఎస్.ఐ. ముద్రయు చూడుడు.

బరువు మోయునది గాలి

చివరకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. బండి బరువును మోయునది రబ్బరు కాదు, లోపలి గాలి. టైరు ఆ గాలిని పట్టియుంచు పాత్ర మాత్రమే. స్కాట్లండువాడైన థామ్సన్ 1845లోనే గాలి చక్రమునకు పేటెంటు పొందెను గాని అది వాడుకలోనికి రాలేదు. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన డన్‌లప్ 1888లో తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి టైర్లు అమర్చిన తరువాతనే లోకము దాని విలువ గుర్తించినది. మన పల్లెలలో ఎడ్లబండికి ఇనుప కమ్మీ పోయి రబ్బరు టైరు వచ్చినప్పుడు ఎడ్ల మెడలకు ఎంత సుఖము కలిగినదో రైతులకు తెలియును. ఆ సుఖమంతయు గాలి పెట్టిన భిక్షయే.

గాలి తక్కువైన ప్రక్కగోడలు మాటిమాటికి మడతపడి వేడెక్కును, రెండు అంచులు అరుగును, తుదకు పగులును. ఎక్కువైన నడుమ అరుగును, పట్టు తగ్గును. వేసవిలో టైరు పేలునని భయపడి గాలి తగ్గించువారు పెక్కుమంది కలరు. ఇది పొరపాటు. వేడికి గాలి ఒత్తిడి కొంత పెరుగునని ఎరిగియే కర్మాగారమువారు కొలత నిర్ణయించిరి. తగ్గించినచో టైరు మరింత వేడెక్కి, ఏ ప్రమాదమునకు భయపడితిమో అదియే వచ్చును. డ్రైవరు తలుపు చట్రముమీద అంటించిన చీటీలో ఎంత గాలి ఉండవలెనో వ్రాసి ఉండును. ఉదయము బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉండగా, ఆ మేరకు పట్టింపవలెను. నైట్రోజన్ కొరకు పరుగెత్తనక్కరలేదు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ కలదు.

ఆ గృహస్థు నాలుగు టైర్లు, స్టెప్నీకి అయిదవది కొని, బిల్లు చూచి ఒక నిట్టూర్పు విడిచిరి. పిదప నవ్వి, "ఇంటిల్లిపాది ఎక్కు బండి కదండీ" అనిరి. నెలకొకసారి గాలి, ఏడాదికొకసారి బటన్, కొనునాడు ఆ నాలుగు అంకెలు: ఈ మూడింటికి పట్టు కాలము పది నిమిషములు. ఈ వారములో ఒక ఉదయము మీ బండి చుట్టు ఒకసారి తిరిగి చూడుడు. డిక్కీ తెరచి స్టెప్నీని కూడ చూచుట మరువకుడు.