ఉరుసుతో ఆగకూడదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోవి. జిల్లా కొత్తదే గానీ, జనం కలిసే చోట్లు చాలా పాతవి. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండలో సూఫీ సాధువు బాబా ఫక్రుద్దీన్‌ను హిందువులు కూడా బాబయ్య స్వామిగా కొలుస్తారు. చక్కెర ఇచ్చి చదివింపులు చేయిస్తారు. ఫాతిహా ప్రార్థన అయ్యాక చేతికొచ్చిన ఆ చక్కెరనే ఇంటికి తీసుకెళ్లి పంచుతారు. ధర్మవరంలో పట్టు నేసేవారికి ఇల్లే పనిచోటు. మగ్గం గుంతలో కాళ్లుపెట్టి రోజంతా కూర్చునే మనిషికి పక్కవీధి వాళ్లు కనబడేది గుడి ఉత్సవంలోనే. హిందూపురంలో బెల్లం, చింతపండు, మిర్చి మార్కెట్ మనుషుల్ని కలిపే ఆ పని రోజూ చేస్తుంది.

ఇలా ఉరుసుకో, ఉత్సవానికో ఏడాదికోసారి కలిస్తే ఐకమత్యం వస్తుందా అని అడగొచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. హైదరాబాద్, లక్నో వంటి నగరాలను పోల్చిన పరిశోధకుడు అశుతోష్ వార్ష్ణేయ 2002లో వచ్చిన పుస్తకంలో, నగరాల్లో పలకరింపుల కంటే హిందువులూ ముస్లింలూ కలిసి నడిపే సంఘాలే అల్లర్లను ఎక్కువగా ఆపుతాయని తేల్చారు. అంటే ఉరుసు అనవసరమని కాదు, ఉరుసు ఒక్కటే చాలదని. ఉత్సవాల్లో మైకుల మోత, ట్రాఫిక్ ఇబ్బంది నిజమే. వాటికి నియమాలున్నాయి, అమలు చేయాలి. ఉత్సవ కమిటీల పెద్దమనుషులారా, వచ్చే ఏడు మీ కమిటీలో అన్ని మతాలవాళ్లకూ, నేతన్నలకూ, ఆడవాళ్లకూ చోటివ్వండి.